ఎగిరిపోకుండా

కెమెరా బాబూ, నీడకి రా.
ఆ బండ కిందే కూకో, పడదులే,
నా మేకలు ఈనింది ఆ నీడనే.
ఆమదాలవలస నించి ఆటోలో ఒస్తా
డ్రైవరుతో అన్నావంట:
ఇంత బండ మడుసులెత్తలేరు,
సుక్కల్లోంచి ఎవులో దిగొచ్చి ఎత్తుంటారని.

దిగొచ్చిన మాట నిజిమే.
ఎత్తిన మాటే అబద్దం.

ఆడు గరిటెడు బరువెత్తలేడు బాబూ.
ఆడే ఎగిరిపోతాడు.

అప్పటికి ఇనుమింకా మట్టిలో పడుకునుంది.
ఏటికి నాగావళని పేరెట్టినోల్లు పుట్టనేదు.
ఈ జీడితోటలు సముద్రం దాటి రానేదు.
పులి మాత్రం ఉంది.
ఉల్కి అని ఓ గుంట
అడ్డతీగలు కోస్తా తలెత్తి సూస్తే
గుగ్గిలం సెట్టు సివర
ఏదో తగులుకుని కొట్టుకుంటంది,
సుడిగాలికి లేసిన విస్తరాకు లాగ.
ఒల్లు సాలిగూడంత పల్చన,
లోన ఎక్కడో ఒక మిణుగురు.
ఏళ్ళు లెక్కెడదామంటే ఒక్కచోట నిలవవు.

ఎక్కి, లాగి, కిందికి దించింది.
ఒదిలితే మల్లీ పైకి.
దించింది. మల్లీ పైకి.
ఇసుగొచ్చి
తీగ ఒక కొస ఆడి కాలికి,
ఇంకో కొస తన నడుంకి కట్టీసుకుంది.
మాట రానోల్ల మజ్జిన
ముడే మొదటి మాట.

గొడ్డడు, ఆల్ల పెద్ద, అరిసినాడు:
తెంపీవే, గాలిదెయ్యం అది!
ఉల్కి తెంపనేదు.
ఆడు కూడు తినడు, పొగ తింటాడు.
కాల్సిన దుంప మీది పొగ పీల్సి
కడుపు నిమురుకునేవోడు.
దుంప ఉల్కికి. పొగ ఆడికి.
తగువే నేదు.

ఒకేడు సముద్రం మీంచి తుపానొచ్చింది.
ఏరు కొండంత లేసింది.
మజ్జినున్న ఇసక దిబ్బ మీద ఏడుగురు పిల్లలు,
ఆల్ల పక్కనే, తడిసి ముద్దయి, పులి.
పులికీ భయమే, కదల్నేదు.
ఆడు ఏటిని సూసినాడు, ఉల్కిని సూసినాడు,
నీల్ల మీద బోర్లా పడుకున్నాడు.
సొరబుర్ర కట్టుకు ఈతకెల్తామే, అలాగ.
ఈపు మీద ఇద్దరు, మల్లీ ఇద్దరు, మల్లీ ముగ్గురు.
ఒడ్డునుంచి తీగ లాగినోల్ల సేతుల్లో
గొడ్డడి సెయ్యీ ఉంది.
నాలుగోసారి
పులి కోసం ఎల్లబోతే
ఉల్కి గట్టిగా లాగీసింది.

తుపాను పోయిన పున్నమి రేతిరి
మహేంద్రగిరి మీద ఒక ఎలుగొచ్చి ఆగింది.
మెరుపు కాదు. కదల్నేదు.
ఆల్లోల్లు.
ఉల్కి ఏడవనేదు, కూకుని
ఆడి కాలి ముడి ఇప్పింది.
పాక ఎత్తు లేసినాడు. తాటెత్తు లేసినాడు.
ఆ కొస సేతిలోనే ఉంది ఆడికి.
తీగ పట్టుకు పాక్కుంటా పాక్కుంటా దిగొచ్చి
తన కాలికి తనే ముడేసుకున్నాడు,
తిరగేసి, ఎడం పక్కకి.
మేకకి నేనేసే ముడి సూసినావా? అదే.
ఎందుకుండిపోనాడో నన్నడక్కు.
పొగ రుసి మరిగుంటాడు.

ఏటి నీరు ఒంట్లోకి ఇంకిపోనాదేమో,
మంచు కాలానికి మిణుగురు సన్నగిల్లింది.
నేల మీద అరిసెయ్యెట్టి నొక్కి సూపినాడు.
ఇక్కడే, అని.
పోయినా తేల్తానే ఉన్నాడు బాబూ.
మూడ్రోజులు ఒంతులేసుకు పట్టుకున్నారు,
సేతులు మొద్దుబారిపోనాయి.
అప్పుడు గొడ్డడే లేసి
ఈ బండకి మొదట బుజం ఆన్సినాడు.

ముప్పైమంది.
గుగ్గిలం దుంగలు, అడ్డతీగ మోకులు,
ఇసక పోసి ఏసిన ఏటవాలు.
బొల్లిగాడి కాలు నలిగిపోనాది,
కుంటుతానే మల్లీ ఒచ్చి పట్టినాడు.
ఎన్ని పగళ్ళో ఎవులు లెక్కెట్టినారు!

ఫొటో తీసుకో. తప్పు నేదు.
గాని గాలేసిన రేతిరి
ఈ బండ ఒకింత పైకి లేస్తాది,
గడ్డిపరక దూరేటంత.
మేకలకి తెలుసు, లేసి నిలబడతాయి.
అప్పుడు నేనొచ్చి
దీని మీద కూకుంటాను,
తెల్లారేదాకా.
నా బరువెంత! అయినా.